పులికి ఆలోచన నేర్పిన పిల్ల

“ఆటలకి కాలేజీ ఏటే? ఇంటికాడ ఆడింది సాలదా?”

“ఆడ్డం కాదు మామ్మా, కంప్యూటర్లో ఆటలు తయారుసెయ్యడం. సదివితే ఉద్యోగం వస్తాది.”

“ఆటకి జీతమిచ్చే ఎర్రోడెవడే? నర్సు సదువు సదువు!”

శ్రీకాకుళం నుంచి విజయనగరం వెళ్లే బస్సులో నేనూ మనవరాలూ ఇలా కీచులాడుకుంటున్నాం. మర్నాడే దాన్ని కాలేజీలో చేర్చాలి. ముందు సీటులోని పిల్లెవరో వెనక్కి తిరిగి, తన ఫోను నా చేతిలో పెట్టింది. అందులో పులీ మేకా ఆట. మేం అరుగు మీద సుద్దతో గీసుకునే గీతలే.

“మేకలు మీవి, పులులు ఫోనువి. పులుల్ని కట్టెయ్యండి, సూద్దాం,” అంది.

మా వీధిలో నా మేకలకి ఎదురులేదు. ఎప్పటిలాగే ఒక మేకని ఎరగా వదిలాను; దాన్ని తినడానికి గెంతితే పులిని చుట్టూ మేకలతో కట్టెయ్యొచ్చు. పులి దాన్ని ముట్టలేదు. నా మిగతా మేకల వెనక సందు ఎప్పుడు తెరుచుకుంటుందా అని కాచుకు కూర్చుంది.

“ఓలమ్మో, ఇది ఆలోసిస్తంది! దీనికెవులు నేర్పారే?” అని అరిచాను. బస్సంతా నావైపు చూసింది.

“నేనే మామ్మా. కాలేజీలో నేర్సుకున్నాను.”

రణస్థలంలో ఆ పిల్ల దిగబోతుంటే, ఎవర్నీ ఏదీ అడగని నేను “ఇంకొక్క ఆటే” అని బతిమాలాను. నవ్వి, ఫోను తీసుకుని దిగిపోయింది.

మర్నాడు ఉదయం కాలేజీ గుమాస్తా ఏ కోర్సని అడిగాడు. మనవరాలు నోరు తెరిచేలోపే నేను చెప్పాను: “ఆటలు తయారుసేసేది.”