స్టీలు గ్లాసులో పెట్రోలు

మా మామ పోయిన కబురు నాకు మధ్యాహ్నం అన్నాల వేళ వచ్చింది. పోచారంలో ఒక కంపెనీ క్యాంటీన్‌లో వడ్డిస్తాను నేను. ఫోన్‌లో మా ఆయన, "నాయిన పోయిండు. కూసున్నకాడనే ఒరిగిండు," అన్నాడు. "సరే," అన్నాను. ఫోన్ పక్కన పెట్టి, వరుసలో నిలబడ్డ మనిషికి పప్పు వేశాను. ఆ తరవాతి మనిషికీ వేశాను. ఎవరో పెరుగు అడిగితే ఇచ్చాను. మేనేజరుకు చెప్పి ఇంటికి పోవాలన్న సంగతి చాలాసేపటికి గాని తోచలేదు.

మామ నాచారంలో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. మా ఆయన కాలు మిషనులో నలిగి ఇంటిపట్టున ఉన్న రోజుల్లోనే నాకు ఈ పని దొరికింది. ఆయన మోటారుసైకిలు వాకిట్లో ఊరికే ఉండేది. "నువ్వే నడుపు బిడ్డా," అన్నాడు మామ. ఆదివారం చర్చి అయ్యాక ఉప్పల్ భగాయత్ ఖాళీ ప్లాట్ల దగ్గరికి తీసుకుపోయి నేర్పాడు. వెనక కూర్చునేవాడు కాదు. పక్కన నడిచేవాడు, నేను వేగం పెంచితే ఉరికేవాడు. "కోడలితోని గేర్ల బండి నడిపిస్తవా?" అని ఎవరో చుట్టం అడిగితే, "ఎక్కింది ఎవలో బండికేం ఎర్క?" అన్నాడు.

ఒక సాయంత్రం పీర్జాదిగూడ దగ్గర పెట్రోలు అయిపోయి బండి ఆగిపోయింది. అయిపోవస్తుంటే వెలగాల్సిన మీటరు దీపం వెలగనే లేదు. వానలో తోసుకుంటూ ఫోన్ చేస్తే, మామ సీసాలో పెట్రోలు పట్టుకొని ఆటోలో వచ్చాడు. నన్నేమీ అనలేదు. దీపాన్ని తిట్టాడు. "గిది నోరు మూస్కుంటే బిడ్డ రోడ్డు మీద నిలవడాల్నా?"

ఆ ఆదివారం వాకిట్లో ట్యాంకు ఖాళీ చేసి, పెట్రోలు తగ్గితే దీపాన్ని వెలిగించే, అడుగున ఉన్న పాత సెన్సర్ విప్పాడు. కొత్తది ట్యాంకులో పెట్టకముందే బయట వైరుకు కలిపి తాళం తిప్పమన్నాడు. దీపం రాలేదు. ఇదీ పనిచేయదనుకున్నాను.

"జర ఆగు. పెట్రోల్ల ఉన్నంతసేపు సల్లగుంటది. బయటికొచ్చినంక మెల్లగ ఎచ్చవడ్తది. అప్పుడు చెప్తది."

దీపం వెలిగింది. స్టీలు గ్లాసులో పెట్రోలు పోసి సెన్సర్‌ను ముంచాడు. ఆరిపోయింది. తీశాడు. కాసేపటికి వెలిగింది. పని తెలిసిపోయినా మళ్లీ ముంచాడు, సంబరంగా.

అత్తమ్మ బయటికొచ్చి చూసింది. "అయ్యో, నా గ్లాసు! ఇగ దాంట్ల చాయ్ నువ్వే తాగు," అంది. ఆయన తాగాడు కూడా. ఎంత తోమినా వాసన పోలేదని మేమంటే, "నాకైతే వస్తలేదు," అనేవాడు.

రోజూ నేను బండి తీసేటప్పుడు ఒకే మాట చెప్పేవాడు. "దీపం వస్తే ఇల్లు చేరుతలే అనుకోకు. బంకు కనవడ్డకాడ ఆగు."

సమాధుల తోటలో అందరూ ఏడ్చారు. మా ఆయన చేతికర్ర మీద ఒరిగి ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు. పాస్టరుగారు వాక్యం చదువుతుంటే, మట్టి తవ్విన పార వంక చూస్తూ నిలబడ్డాను. దాని పిడి వదులైతే ఎవరో తీగ చుట్టారు. మామ ఉంటే విప్పి సరిగ్గా బిగించేవాడు అనుకున్నాను. అంతే, ఇంకేమీ అనుకోలేదు.

ఇప్పటికీ ఏడవలేదు. పనికి పోతున్నాను, వస్తున్నాను. మా ఇంట్లో పొయ్యి వెలుగుతున్నదంటే ఆయన నా పక్కన ఉరికినందుకే. అది ఎవరికైనా చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

మొన్న అత్తమ్మ, "నన్ను సమాధి కాడికి తీస్కపోతవా?" అని అడిగింది. అంతకుముందు ఎన్నడూ నా వెనక ఎక్కలేదామె. చామంతులు ఒళ్లో కొంగులో పోసుకొని, ఒక పక్కకు కూర్చుంది. నాచారం రోడ్డు మీద గుంత వచ్చినప్పుడల్లా ఆమె చేయి నా భుజాన్ని గట్టిగా పట్టుకునేది, మళ్లీ వదిలేది. గాలికి కొంగు సడలి పూలు ఒక్కొక్కటే వెనక రోడ్డు మీద పడుతుంటే అద్దంలో చూశాను. ఆమె ఆపమనలేదు. నేను ఆపలేదు.