బావ, బాస్ చేప, మెత్తటి కర్ర

బావకి ఏ వస్తువునైనా వంచి చూడకుండా కొనడం చేతకాదు. దువ్వెన, చెంచా, గొడుగు, ఏదైనా సరే. ఒకసారి కళ్ళద్దాల కొట్లో కళ్ళజోడు వంచి, విరిచాడు కూడా. అది అమ్మకానికి పెట్టింది కాదు, కొట్టువాడు చదువుకోడానికి పెట్టుకునేది. వంగనిది మనకొద్దంటాడు. మరి నన్నెలా చేసుకున్నారో అని అక్క మూతి తిప్పుతుంది.

బావ బస్సు డ్రైవరు. బ్రేకు వేస్తే బస్సులో కునుకు తీసేవాళ్ళకి మెలకువ కూడా రాదు. అక్క తమ్ముడు దర్జీ. ఆ దర్జీకి బాస్ చేపలంటే పిచ్చి. పేరుకి తగ్గట్టే దానికి ఆఫీసు బాసుకున్నంత నోరు. పెదవి మాత్రం సిల్కుగుడ్డంత పల్చన. మూడేసి గేలపు ముళ్ళున్న బొమ్మచేపని నీళ్ళలో ఆడిస్తే ఎగబడి కరుస్తుంది. దర్జీ లాగుతాడు. ముల్లు ఊడి వస్తుంది, చేప రాదు. "మా అల్లుడుగారు చేపల్ని పట్టరు, పలకరించి పంపిస్తారు" అని పడవలో అతనికి పిల్లనిచ్చిన మామగారు అందరికీ చెబుతాడు. ఈ ఆదివారం కూడా వట్టి చేతులే అయితే గేలాన్ని అటకెక్కించేద్దామని దర్జీ నిశ్చయించుకున్నాడు.

శనివారం బావ అతన్ని గేలాల కొట్టుకి లాక్కుపోయాడు. కర్రలన్నీ వంచి చూశాడు. తర్వాత బొమ్మచేప ముల్లు తన చొక్కా జేబుకి తగిలించుకుని, కొట్టు అవతలి చివర నిలబడ్డాడు.

"నేను చేపని. లాగు బామ్మర్దీ."

గట్టి కర్రతో లాగితే జేబు ఊడి వచ్చింది. ఇంకో కర్రకి కాలరు వచ్చింది. బావ మోచేతులు మొప్పల్లా ఆడిస్తూ మరోటి అందుకోమన్నాడు. గోడకి ఆనుకుని చూస్తున్న ఒకాయన, ఈ చొక్కా ఇంత నాసిగా కుట్టిందెవరండీ అని అడిగాడు. దర్జీ అటు తిరిగి గేలపు తీగలు చూడసాగాడు.

మూడోది మెత్తటి కర్ర. సగం దాకా వంగి, కుదుపంతా తనే మింగేసింది. బావ తూలుకుంటూ వచ్చాడు గానీ ఈసారి ముల్లు తగిలించిన చొక్కా చేయి చెక్కుచెదరలేదు. ఒంటి ముల్లు పెద్దదైతే దిగగొట్టడానికి గట్టి కర్ర కావాలని, ఇవి చిన్న ముళ్ళు గనక వాటంతటవే దిగుతాయని, గట్టి కర్రయితే పెదవి చీరేస్తుందని అందరికీ పాఠం చెప్పి, పిన్నీసు కోసం లోపలికెళ్ళాడు.

కర్ర చుట్టి ఇస్తూ కొట్టువాడు దర్జీతో గొంతు తగ్గించి అన్నాడు.

"ఇది మీ బావగారు నిన్ననే వచ్చి ఏరి పెట్టించారండీ. మావాడు దారం తెంపినట్టు పుటుక్కున లాగుతాడు, ఆ మాట మాత్రం వాడి దగ్గర అనొద్దు, చిన్నబుచ్చుకుంటాడు అన్నారు." అని నాలిక్కరుచుకున్నాడు.

బావ తిరిగొచ్చాడు. "చూశావా, తప్పంతా ఆ పాత కర్రదే."

"అవును బావా" అన్నాడు దర్జీ, చిరిగిన చొక్కా వంక చూస్తూ. "కర్రదే."

ఆదివారం సరస్సు మీద వెలుతురు కత్తిరించని గుడ్డలా పరుచుకుని ఉంది. చేప కరిచింది. దర్జీ చెయ్యి ఎప్పటిలాగే పుటుక్కున లాగింది. కర్ర నీటి దాకా వంగి, ఆ విసురునంతా ఓపిగ్గా భరించింది. చేప పడవలో పడి మామగారి కొత్త బూట్లు తడిపింది.

మామగారు బూట్లు తుడుచుకున్నాడు. కర్ర మంచిదిలా ఉందన్నాడు చివరికి.

"కర్రదేముందండీ" అన్నాడు పడవలో పక్కనే ఉన్న బావ. "అంతా మావాడి చేతి చలవ."

దర్జీ ఆ చేతిని గబుక్కున జేబులో దాచేసుకున్నాడు.