పెట్టె కారు మూడో అవతారం

నా ఉద్యోగ జీవితంలో అతి గొప్ప బేరం ఏదని ఎవరైనా అడిగితే, రెండు చెక్క పెట్టెల నిండా స్టీరింగ్ సామాన్లను మూడో వంతు ధరకు కొట్టుకొచ్చిన సంగతి చెబుతాను. ఆ బేరం పుణ్యమా అని ఒక పెద్దమనిషి జబ్బ ఎముక విరిగింది, ఒక మంచి మేస్త్రీ ఉద్యోగం పోయేదాకా వచ్చింది. అంత ఘనమైన బేరం మా వంశంలో ఇంకెవరూ చేయలేదు. మాది బళేపేటలో తాళాలు, చీలలు, మడతబందులు అమ్మే అంగడి. మా తాతలు చేసిన బేరాలు తక్కువేమీ కావు.

1946 జూన్‌లో బెంగళూరు కంటోన్మెంటులోని ఒక మోటారు ఏజెన్సీ నన్ను స్టోర్స్ కీపరు నుంచి పార్ట్స్ ఇన్‌ఛార్జ్‌గా పెంచింది. జీతం పెరిగింది కొంచెం, కుర్చీకి చేతులు వచ్చాయి. నా పైన సర్వీస్ మేనేజరు, ఆయన పైన మద్రాసు డిపో, దాని పైన సముద్రం అవతల కంపెనీ. కింద నేను, నా బీరువాలు, నా లెడ్జరు.

మేము అమ్మే కార్లలో ఎక్కువ పోయేది నలుగురు కూర్చునే చిన్న ఇంగ్లీషు కారు. కంపెనీ దానికి పెట్టిన పేరు ఇక్కడ రాయను. ఊళ్లో అందరూ పెట్టె కారు అనేవాళ్లు. యుద్ధానికి చాలా ముందు వచ్చిన మొదటి అవతారం నిజంగా పెట్టెలాగే ఉండేది. నాలుగు మూలలు, గుడ్డ కప్పు, మూడు గేర్లు. ముందు అద్దం కింది నుంచి పైకి తెరుచుకునేది. బ్రేకులు ఇనుప కడ్డీలతో పనిచేసేవి. నాలుగు చక్రాల కడ్డీలూ సమానంగా సర్దకపోతే కారు ఎద్దులా ఒక పక్కకు లాగేది. రెండో అవతారం యుద్ధానికి కొద్ది ముందు వచ్చింది. మూలలు గుండ్రమయ్యాయి, కప్పు ఇనుముదైంది, గేర్లు నాలుగయ్యాయి, కడ్డీల చోట తీగలు వచ్చాయి. పేరు మాత్రం పెట్టె కారే. పెట్రోలు రేషన్ రోజుల్లో దాని వెనక బొగ్గు గ్యాసు పొయ్యి కట్టుకుని, మసి ముఖాలతో ఊరంతా తిరిగింది ఆ బండే. మూడోది యుద్ధం తర్వాత వచ్చింది. ముందు జాలీ కొత్తది, దీపాలు రెక్కల్లోకి ఒదిగాయి, సీట్లకు కొత్త తోలు. ముఖం తప్ప అంతా రెండో అవతారమే అని కంపెనీ మనిషి మా షోరూంలో నిలబడి చెప్పాడు. మీ నాన్నగారి నమ్మకమైన కారే, కొత్త సొగసుతో అని పత్రికల్లో ప్రకటన కూడా వేశారు.

ఆ మాట నమ్మే నేను బేరానికి దిగాను. 1947 చివర్లో మద్రాసు డిపోలో రెండో అవతారం స్టీరింగ్ సామాన్లు రెండు పెట్టెలు మిగిలి ఉన్నాయని తెలిసింది. దిగుమతులు కటకటగా ఉన్న రోజులు. చిన్న సామాను కోసం కూడా ఓడ ఎప్పుడొస్తుందా అని నెలలు కాచుకోవాలి. రెండో బండికీ మూడో బండికీ ఒకే సామాను సరిపోతే నా బీరువా బంగారు గని. రైలెక్కి పోయి, డిపో గుమాస్తా ముందు ఒక పూటంతా కూర్చుని, తల అడ్డంగా ఊపుతూ, రెండుసార్లు లేచి గుమ్మం దాకా పోయి వెనక్కి వచ్చి, మూడో వంతుకు దింపాను. అమ్మేవాడు తేలిగ్గా దిగితే సరుకు తిరగేసి చూడరా అని మా నాయన రోజూ చెప్పేవాడు. ఆరోజు నా తెలివిని చూసి నేనే ముచ్చటపడుతున్నాను కాబట్టి ఆ మాట గుర్తుకు రాలేదు.

మా వృత్తిలో సామాను ఇచ్చే పద్ధతి ఒకటుంది. బండికి ఛాసిస్ నంబరు, అంటే చట్రం మీద కొట్టిన వరుస సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యను బట్టి పార్ట్స్ పుస్తకంలో సామాను నంబరు చూసి, ఇష్యూ స్లిప్ రాసి, సంతకం పెట్టి ఇవ్వాలి. మేస్త్రీ దాన్ని బిగించి, పరీక్షించి, జాబ్ కార్డు మీద సంతకం పెట్టాలి. మూడో అవతారం పార్ట్స్ పుస్తకం మాకింకా రాలేదు. ఓడలో ఉందన్నారు. ఆ ఓడ ఏడాది దాటినా తీరం చేరలేదు. నేను మా అంగడి పద్ధతిలోకి దిగాను. అక్కడ నంబర్లుండవు. విరిగిన మడతబందు తెస్తే, దాన్ని మాదిరి అంటాం, కొత్తదాన్ని పక్కన పెట్టి, వేలితో తడిమి, సరిపోతే ఇచ్చేస్తాం. మా నాయన కళ్లు మూసుకుని కూడా చెప్పేవాడు. నేను మోటారు సామాన్లను అలాగే ఇచ్చాను. చాలా బండ్లకు సరిగ్గా సరిపోయాయి. అదే నా కొంప ముంచింది.

1948 ఆగస్టులో తిప్పయ్య శెట్టి బండి వచ్చింది. ఆయన గాజుల వ్యాపారి, మా నాయన అంగడికి ఎదురంగడి ఆయనది. మొదటి పెట్టె కారు వాళ్ల నాయన కొన్నాడు, రెండోది ఆయన, మూడోది కొడుకు కోసం. స్టీరింగ్ ఊగుతోందన్నారు. చక్రాలను స్టీరింగ్‌తో కలిపే కడ్డీ కొసన ఒక బంతి, దానికింద క్రమంగా సన్నబడే పిన్ను ఉంటుంది. ఆ సన్నబడే వాటాన్ని టేపరు అంటాం. పిన్ను, చక్రం పక్కనుండే స్టీరింగ్ చేయి అనే ఇనుప ముక్కలో అదే వాటంలో ఉన్న రంధ్రంలో కూర్చుంటే, కింద నట్టు బిగిస్తే, ఇక రెండూ ఒక్క ఇనుమే. ఆ బంతి అరిగింది. అరిగినదాన్ని పక్కన పెట్టుకుని, నా రెండు పెట్టెల్లోంచి కొత్తది తీసి పోల్చాను. పొడవు సరి, మర సరి, బంతి సరి. స్లిప్ రాసిచ్చాను.

మునెప్ప మేస్త్రీ ఆ సామాను పట్టుకుని వెనక్కి వచ్చాడు. సర్జాపుర దగ్గర పల్లె ఆయనది, నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద, మా వర్క్‌షాపులో స్టీరింగ్ పని ఆయనదే.

"ఇది కూచోలేదప్పా. నట్టు బిగిస్తే బిగువుగానే ఉండాది. లోపల మాత్రం పట్టినట్టు లేదు."

నేను అరిగినదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూపించాను. ఆయన చూపు మారలేదు.

"మేస్త్రీ, అంగట్లో పుట్టినోణ్ణి నేను. మాదిరి చూసి సామాను ఇచ్చేది నాకు నేర్పాల్నా?"

"నీకు నేర్పేంత వాణ్ణా నేను. ఇనుముకు మీ నాయన అంగడి తెలీదు కదప్పా, అదీ కత."

పక్కనున్న ఫిట్టర్లు నవ్వారు. నవ్వినందుకు నాకు రోషం వచ్చింది. బిగించమని గట్టిగా చెప్పాను. పార్ట్స్ ఇన్‌ఛార్జ్ మాట మేస్త్రీ మాట కంటే పైది. బిగించాడు, జాబ్ కార్డు మీద సంతకం పెట్టాడు.

పందొమ్మిది రోజులకు హోసూరు రోడ్డులో, బొమ్మసంద్ర దాటాక, ఆ పిన్ను తెగింది. ఒక చక్రం ఒక దారి, ఇంకో చక్రం ఇంకో దారి పట్టి కారు రాగి చేనులోకి దిగింది. కొడుక్కి ఏమీ కాలేదు. తిప్పయ్య శెట్టి జబ్బ ఎముక విరిగింది.

మేనేజరు విచారణ ఒక పూటలో ముగించాడు. జాబ్ కార్డు మీద మునెప్ప సంతకం ఉంది, నట్టు సరిగా బిగించలేదు, పనిలోంచి తీసేయాలని మద్రాసుకు సిఫారసు. జవాబు వచ్చేదాకా సస్పెన్షన్. లోపలికి రానివ్వకపోయినా మునెప్ప రోజూ పొద్దున పని వేళకు వచ్చి గేటు బయట నిలబడేవాడు. ఇష్యూ స్లిప్ ఎక్కడ అని మేనేజరు నన్ను అడగలేదు. అడగకుండానే, పాత కాగితాలు కొన్ని చెదలకు పోయినట్టున్నాయి కదా అన్నాడు. ఆ మాటకు అర్థం నాకు తెలుసు. స్లిప్ మీద నా సంతకమూ, రెండో అవతారం సామాను నంబరూ ఉన్నాయి. అది నా సొరుగులో ఉంది. మూడు రోజులు సొరుగులోనే ఉంచాను. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ లెక్కలోంచి ఎగ్గొట్టలేను.

నాలుగో రోజు తిప్పయ్య శెట్టి స్టోర్స్‌కే వచ్చాడు, చేయి మెడకు కట్టుకుని. మేనేజరు ఇంగ్లీషులో సానుభూతి మొదలుపెట్టాడు. ఆయన వినిపించుకోకుండా నా వైపు తిరిగాడు.

"ఏమబ్బాయ్, నా ఎముకకు ఎవురు కారణమో నాకొద్దు, అది అతుక్కుంటాది. ఆ ముసలాయన్ను గేటు బయట ఎందుకు నిలబెట్టినారో అది చెప్పు. మా మూడు బండ్లనూ చూసింది ఆయనే."

నేను సొరుగు తీసి స్లిప్ బల్ల మీద పెట్టాను. మునెప్పను లోపలికి పిలిపించాను. అదే పెట్టెలోంచి ఇంకో బంతి తీసి, పిన్ను మీద మార్కింగ్ బ్లూ అనే నీలం ముద్ద పలచగా పూసి, పిన్ను తెగిన ఆ బండి స్టీరింగ్ చేతిలోని రంధ్రంలో పెట్టి ఒక చుట్టు తిప్పమన్నాను. రెండు వాటాలూ ఒకటే అయితే నీలం అంతటా సమంగా అంటాలి. మునెప్ప తీసి చూపించాడు. పై అంచున గాజు మందంలో ఒక్క గీత. మిగిలిన రంధ్రమంతా ఒట్టి ఇనుము. నట్టు ఎంత బిగించినా ఆ పిన్ను ఒక్క గీత మీద వేలాడుతూ ఉందన్నమాట.

"నేను చెప్పింది ఇదేనప్పా," అన్నాడు మునెప్ప. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు తేలికయ్యేది.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. మేనేజరు గుమాస్తా వెతికి కంపెనీ పంపిన ఒక సర్క్యులర్ తెచ్చాడు. మూడో అవతారంలో ఫలానా ఛాసిస్ నంబరు దాటిన బండ్లకు స్టీరింగ్ చేతి టేపరు మార్చామని, పాత సామాను వాడరాదని అందులో రాసి ఉంది. అది మాకు చేరి ఏడు వారాలు. స్టోర్స్‌కు పంపలేదేమని అడిగాను. పాత సరుకు కొంత కదిలాక పంపుదామనుకున్నానని, ఆ సరుకు నేను కొన్నదే కదా అని, మేనేజరు సిగరెట్టు వెలిగించుకుంటూ చెప్పాడు. జాలీ మార్చినప్పుడు షోరూంలో పూలదండలు వేయించిన కంపెనీ, మనిషి ప్రాణం వేలాడే పిన్ను మార్చినప్పుడు ఒక అరపేజీ కాగితంతో సరిపెట్టింది. అదీ ఏడాది ఆలస్యంగా. మద్రాసు గుమాస్తా అంత తేలిగ్గా ఎందుకు దిగాడో కూడా అప్పుడే అర్థమైంది. వాళ్లకు ముందే కబురుంది. కారు పేరు మారదు, ప్రకటన మారదు, నమ్మకం అనే మాట మారదు. లోపల మాత్రం తమకు చౌకైనప్పుడల్లా మారుస్తారు. మారిన ప్రతిసారీ సంతకం పెట్టేది కింద ఉన్నవాడు.

స్లిప్పూ నీలం పూసిన పిన్నూ కలిపి, తిప్పయ్య శెట్టి సాక్షి సంతకంతో, మేనేజరును దాటి నేనే మద్రాసుకు పంపాను. మునెప్పను తిరిగి పనిలోకి తీసుకున్నారు. ఆ తర్వాత నేను ఛాసిస్ నంబరు చూడకుండా ఒక్క వాషరు కూడా ఇవ్వలేదు. పుస్తకం రాని బండికి సామాను లేదని చెప్పి పంపాను, ఎంత తిట్టినా. మేస్త్రీ కూచోలేదంటే అది కూచోనట్టే అని స్టోర్స్‌లో అందరికీ చెప్పాను. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే.

ఇక మొత్తం బిల్లు. కంపెనీకి పడింది ఏమీ లేదు. మరుసటి ఏడాది నాలుగో అవతారం తెచ్చింది, బాగా అమ్ముకుంది. మేనేజరుకు పడింది మద్రాసుకు బదిలీ, పెద్ద హోదాతో. నాకు రెండేళ్లు ఇంక్రిమెంటు ఆపారు. తిప్పయ్య శెట్టి చేయి భుజం దాటి పైకి లేవలేదు. మునెప్పకు పదకొండు రోజుల జీతం ఇవ్వలేదు, మందలింపు కాగితం ఆయన ఫైలులోంచి తీయలేదు. సంక్రాంతి లోపే ఒక బస్సు యజమాని దగ్గరికి వెళ్లిపోయాడు, పోతూ నాతో మాట్లాడలేదు. తప్పులో ముప్పాతిక కంపెనీది, మేనేజరుది అని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. అది సరైన లెక్క కాదు. సర్క్యులర్ నాకు అందలేదు, నిజమే. కానీ అదే కబురు, బండి ఇంకా మా వర్క్‌షాపు లిఫ్టు మీద ఉండగానే, మునెప్ప నోట నాకు అందింది. తప్పులో సగం నాది.