ముప్పై అంగుళాల పీలికలు

మా బాబాయిని ఫ్యాక్టరీలో అందరూ అంగుళం మాస్టారు అంటారు. చొక్కాలు కుట్టే ఆ ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లుగా ఆయన కటింగ్ మాస్టరు. పొడవాటి బల్ల మీద అరవై వరసల బట్ట పరిచి, కరెంటు కత్తితో ఒక్కసారే కోస్తాడు. గీత తప్పితే అరవై చొక్కాలూ పాడవుతాయి. ఇంట్లోనూ అదే వరస. గోడకు అద్దం తగిలించాలన్నా టేపు తీస్తాడు. ఆ టేపును ఇంకెవరూ ముట్టుకోకూడదు, పిన్నయినా సరే.

ఆయనకొక పద్ధతి ఉంది. కొత్త బట్ట వచ్చినప్పుడల్లా కోతకు ముందు దానిలోంచి సరిగ్గా ముప్పై అంగుళాల పీలిక తీసి, రెండు చివర్లా చెరగని సిరాతో తేదీ వేసి, మేనేజరు కొలిచి అదే సిరాతో ఆ తేదీల పక్కన సంతకం చేశాక దాచుకుంటాడు. ఆ పీలికల సంచి మంచం కింద ఉంటుంది. పిన్నికి అదంటే ఒళ్లుమంట.

కిందటేడు ఒక సరుకును కుట్టాక ఉతికితే చొక్కాలన్నీ పొట్టివయ్యాయి. కోత తప్పన్నారు. మూడు నెలలు జీతంలో మూడో వంతు మినహాయించుకున్నారు. ఏమయ్యా, ఏం జరిగిందని అడిగిన పాపాన పోలేదు. నాలుగో నెల ఒక్క లైను కాగితం చేతిలో పెట్టి గేటు చూపించారు. ఇరవై రెండేళ్ల మనిషికి ఒక్క లైను! నేను ఒంటికాలి మీద లేచి లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టించాను.

బాబాయి దిగులు మాత్రం వేరు. "డబ్బు పోతే పోయింది అమ్మాయీ. నా చెయ్యి తప్పిందా లేదా, నాకది తేలాలి" అన్నాడు. ఉతికాక కుంచించుకుపోకుండా ముందే తడిపి ఆరబెట్టిన బట్టేనని మేనేజరు చెప్పాడు కాబట్టి, లోపం తన చేతిదేనేమోనని కుమిలిపోయాడు. నా కిటికీ తెరల బట్ట తెచ్చిస్తే ముట్టుకోలేదు. బల్ల మీద అలాగే పడి ఉంది.

ఒకరోజు పిన్ని కూడా అనేసింది. "వయసు మీద పడింది కదండీ, పొరపాటు జరిగిందేమో!" ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయాడు. నాకు పిన్ని మీద పీకలదాకా కోపం వచ్చింది.

విచారణ రోజు, తన కొలత ఎంత ఖచ్చితమో చూపిద్దామని బాబాయి ఆ సంచి పట్టుకొచ్చాడు. లేబర్ ఆఫీసు వరండాలో విప్పి చూస్తే పీలికలన్నీ మల్లెపూవుల్లా ఉన్నాయి, మడత నలగకుండా.

"ఏం చేశావే?" అన్నాడు వెంట వచ్చిన పిన్నితో.

"పెద్దాఫీసరు ముందు మాసిన గుడ్డలు పెడితే మనకేం మర్యాదండీ? నిన్న నానబెట్టి, ఉతికి, ఇస్త్రీ చేశాను."

"సాక్ష్యాన్ని ఉతికేశావు కదే!" అని బాబాయి బెంచీ మీద కూలబడ్డాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

లోపల ఆఫీసరమ్మ ఒక్కొక్క పీలికా కొలిచింది. ముప్పై. ముప్పై. ముప్పై. గొడవైన సరుకు పీలిక దగ్గర టేపు ఆగింది. ఇరవై ఎనిమిదిన్నర.

"చూశారా మేడమ్! చెయ్యి తప్పిందంటే ఒప్పుకోడు" అన్నాడు మేనేజరు.

"అన్నీ నిన్ననే ఉతికానండీ," అంది పిన్ని భయంభయంగా. "ఒకే బకెట్లో."

ఆఫీసరమ్మ పీలికను అటూ ఇటూ తిప్పి, మేనేజరు వైపు చూసింది. "రెండు చివర్లా సంతకం మీదేగా? ముప్పై ఉందని చూసుకునేగా చేశారు?"

"అవునండి."

"మరి ఉతికితే ఇదొక్కటే ఎందుకు తగ్గింది? ఈ బట్ట కోతకు ముందు తడిపి ఆరబెట్టినట్టు కాగితమేది?"

మేనేజరు ఫైలంతా తిరగేశాడు. అందులో లేని కాగితం ఎక్కడినుంచి వస్తుంది?

కోసుకున్న జీతం తిరిగి ఇవ్వాలని, సంజాయిషీ అడగకుండా తీసేయడం చెల్లదని, పనిలోకి తీసుకోవాలని ఆవిడ రాసింది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. బాబాయి తన కుడిచేతిని చూసుకుంటూ కూర్చున్నాడు.

ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా అడిగాడు.

"అమ్మాయీ, నీ తెరల బట్టేదీ? ముందు తడపాలి. రేపు కోస్తాను."

"తడిపేశానండీ," అంది పిన్ని. "పొద్దున బయల్దేరే ముందే ఆరేశాను. ఈపాటికి ఆరిపోయుంటుంది."

పొద్దున అంటే ఆఫీసరమ్మ మాట రాకముందు, పీలిక కొలవకముందు. నా కోపమంతా ఎటు పోయిందో తెలియదు. బాబాయి దండెం వైపు చూశాడు, పిన్ని వైపు చూశాడు. బట్ట తెచ్చి బల్ల మీద పరిచాడు. జేబులోంచి టేపు తీసి ఒక కొస ఆవిడ చేతిలో పెట్టాడు.

"గట్టిగా పట్టుకో" అన్నాడు.