జీరో టైపు

మా అబ్బాయి భోజనాల బల్ల దగ్గరి కుర్చీలు నాలుగూ లాగి బస్సులా వరుసగా వేసి, చెల్లెలి బొమ్మను "నీది ఏ టైపు?" అని అడిగిన క్షణంలో నాకు మొదటిసారి భయం వేసింది. సాయంత్రం ఆరుంబావు. పప్పుకు తాలింపు వేస్తున్నాను.

"దానికి ఇల్లు లేదు," అంది నాలుగేళ్ల చెల్లెలు.

"అయితే జీరో టైపు. కూర్చోకూడదు. ఏడిస్తే ఇంకా నవ్వుతాం."

చెల్లెలు బొమ్మను కుర్చీ కిందకి తోసి తను కూర్చుంది. తాలింపు మాడింది.

బస్తర్‌లో మాది ఇనుప గనుల టౌన్‌షిప్. ఇక్కడ క్వార్టర్లు మూడు రకాలు. టైప్ త్రీ అధికారులకు, టైప్ టూ మాలాంటివాళ్లకు, టైప్ వన్ కార్మికులకు. కాంట్రాక్టు కూలీలకు క్వార్టర్ ఉండదు. రైలు పట్టాల అవతల రేకుల గుడిసెలు వేసుకుంటారు.

స్టవ్ ఆపేసి, "ఈ ఆట ఎక్కడ నేర్చుకున్నావురా?" అన్నాను.

"ఆట కాదమ్మా, స్కూలు బస్సులో అంతే. ముందు సీట్లు టైప్ త్రీ వాళ్లవి, తర్వాత మావి, వెనక టైప్ వన్. మా క్లాసులో ఒకమ్మాయికి క్వార్టరే లేదు. అందుకని నిలబడేది."

"మరి ఇప్పుడు?"

"సోమవారం నుంచి రావట్లేదు. ఏడుపుగొట్టుది. మన తెలుగే గానీ, మాటకి ముందు 'ఏంది, ఏంది' అంటుంది. అందరం దాన్లాగే మాట్లాడి ఏడిపిస్తాం."

"అందరూ అంటే నువ్వు కూడానా?"

"నేనే మొదలెట్టాను," అన్నాడు, క్లాసులో మార్కులు చెప్పినట్టు.

నేను డిగ్రీలో సైకాలజీ చదివాను. పిల్లల్లో దౌర్జన్య ప్రవర్తన మీద వ్యాసం రాస్తే మంచి మార్కులే వేశారు. అందులో నేను రాసిన కారణాలేవీ ఇప్పుడు గుర్తులేవు.

"ఎవరిది ఏ టైపో అడగమని నీకెవరు చెప్పారు?"

"నువ్వే అడుగుతావు కదా, కొత్త ఆంటీ ఎవరొచ్చినా."

నిజమే. అడిగిన తర్వాతే టీ పెడతాను. టైప్ త్రీ అయితే సాసరుతో పింగాణీ కప్పు. టైప్ టూకి సాసరు ఉండదు. టైప్ వన్‌కి స్టీలు గ్లాసు. ఈ పద్ధతి నాకెవరూ నేర్పలేదు. పెళ్లయి వచ్చిన కొత్తలో నాకు ఇచ్చిన కప్పులు చూసి నేర్చుకున్నాను.

బస్సులో సీట్ల సంగతి ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేసి చెప్పాను. "ఐసా కోయీ నియమ్ నహీ హై, మేడమ్," అన్నారు. అలాంటి నియమం లేదు కాబట్టి దాన్ని రద్దు చేయడం కూడా కుదరదట.

పాపను పక్కింట్లో వదిలి, అబ్బాయిని వెంటబెట్టుకుని పట్టాలు దాటాను. గుడిసెల దగ్గర అడుగుతూ వెళ్తే, ఆ పిల్ల వాళ్ల గుమ్మంలో కూర్చుని ఉంది, యూనిఫామ్‌లో. బడికి పోకపోయినా రోజూ వేసుకుంటోందని వాళ్లమ్మ చెప్పింది. మావాణ్ణి చూడగానే పిల్ల లోపలికి వెళ్లిపోయింది. వాడు తన చెప్పులు చూసుకున్నాడు.

"ఏంది అక్కా, ఇంత దూరం వచ్చినవ్? కూసో," అని వాళ్లమ్మ రాగి అంబలి ఇచ్చింది. నాది ఏ టైపు అని అడగలేదు. వాళ్లింట్లో ఉన్నవి రెండే గ్లాసులు, రెండూ ఒకలాంటివే. ఒకటి నాకు, ఒకటి మావాడికి.

"తప్పు మావాడిది. నాది కూడా," అన్నాను. "రేపు పంపండి. నేనూ బస్సెక్కుతాను. మీ పాప సీట్లో కూర్చుంటుంది."

ఆమె మావాణ్ణి తేరిపార చూసింది. "గీ పిలగాడేనా? బక్కగనే ఉన్నడు గదా!" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వెన్ని దినాలు ఎక్కుతవ్ అక్కా బస్సు?"

నేను అంబలి గ్లాసు కింద పెట్టాను.

"రేపైతే పంపుత. మళ్ల నవ్విన్రంటే పామేడు దిక్కు మా అమ్మ కాడికి తోలుత. ఆడ బడి దూరం. మేకలు కాసుకుంటది."

తిరిగి వస్తుంటే మావాడు, "అంబలి బాగుంది," అన్నాడు.

పొద్దున్నే వంటింటి అరలో స్టీలు గ్లాసులు ముందు వరుసలోకి మార్చి, సాసర్లు అట్టపెట్టెలో కట్టేశాను. ఆమె అడిగిన ప్రశ్న రాత్రంతా నాతోనే ఉంది. నేను రోజూ ఎక్కలేను. రోజూ ఎక్కేది మావాడు. బస్సుకి పది నిమిషాలుందనగా పిల్లలిద్దర్నీ గుమ్మంలో నిలబెట్టాను.

పాపతో, "ముందు ఆ బొమ్మని కుర్చీ కింద నుంచి తియ్యి," అన్నాను.

వాడితో, "నీ సీటు ఆ అమ్మాయికివ్వు. ఇవాళ నీ పక్కన నేను నిలబడతాను. రేపటి నుంచి నువ్వొక్కడివే నిలబడాలి. ఎవరైనా నవ్వి 'ఏ టైపు' అని అడిగితే, ఆ ప్రశ్న మా అమ్మది, తప్పని తెలిసి మానేసింది అని చెప్పు," అన్నాను.