దెసాంకా కడిగిన ఫోటో

దెసాంకా తన అరవై నాలుగో ఏట ఫోటోలు కడుక్కోవడానికి ఒక గది తవ్వుకుంది. ఆస్ట్రేలియా ఎడారిలో కొండల్లో తొలిచిన ఇళ్ళ ఊరు మా కూబర్ పెడీ. ఇక్కడ ఇల్లు చాలకపోతే ఇటుకలు కొనం, కొండలోకి ఇంకో నాలుగడుగులు తవ్వుతాం. అందులో వింతేమీ లేదు. మొగుడి చేత ఒక్క గునపం దెబ్బ కూడా వేయించకుండా నెలన్నర పాటు ఆ పని తనే చేసుకోవడమే వింత.

మొగుడు రాదోమిర్ రోజూ పొద్దున్నే కాఫీ కప్పుతో గుమ్మంలో నిలబడి వేళాకోళం చేసేవాడు. "కొండను తవ్వి ఎలుకను పట్టేలోపు నాకింత తిండి పెడతావా?"

"ఎలుక దొరకనీ, నీకే వండి పెడతా. వెలుతురుకు అడ్డం జరుగు."

చీకట్లో పని ఆమెకు కొత్త కాదు. గనుల్లోంచి తోడి పారబోసిన మట్టిలో మిగిలిపోయిన ఒపల్ రత్నాల ముక్కలు ఏరే యంత్రం మీద ముప్పై ఏళ్ళు కూర్చుంది. ఒక రేకుల గది, అందులో కదిలే బెల్టు, పైన ఊదా దీపం. ఆ దీపం కింద మామూలు రాయి మామూలుగానే ఉంటుంది, ఒపల్ మాత్రం తెల్లగా మెరుస్తుంది. మెరిసినదాన్నల్లా ఏరి పక్కన పెట్టాలి. ఎలెని, మార్గిత్, డోరీన్, దెసాంకా వంతులేసుకుని కళ్ళు కాయలు కాసేలా ఏరేవాళ్ళు. రాయి దొరికిన పేరు మాత్రం యంత్రం ఎవరిదైతే వాడికి.

ఊరొదిలి వెళ్ళిపోతున్న ఒక హంగేరీ ముసలాయన సామాన్లు అమ్మేస్తుంటే దెసాంకా ఒక ఫిల్మ్ కెమెరా, నెగటివ్‌ను పెద్దది చేసి కాగితం మీద పడేసే యంత్రం, మూడు ట్రేలు, ఒక ఇంగ్లీషు పుస్తకం కొనుక్కొచ్చింది. ఈ వయసులో ఎందుకని అడిగాను. "ముప్పై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళకి ఏరాను. ఇది నాకోసం" అంది. ఫిల్మ్ రీళ్ళు చక్కగా కడిగేది. పోస్టాఫీసులో నా కౌంటరు దగ్గరికి పార్సిల్ కోసం వచ్చినప్పుడల్లా సంచిలోంచి నెగటివ్‌లు తీసి కిటికీకి అడ్డంగా పట్టి చూపించేది. వెనక వరుసలో వాళ్ళు విసుక్కున్నా లెక్కచేసేది కాదు.

మా ఊరి గనివాళ్ళ క్లబ్బులో ఒక గోడ నిండా ఫోటోలున్నాయి. పెద్ద పెద్ద రాళ్ళు పట్టుకుని నవ్వుతున్న మగవాళ్ళు, ప్రతి ఫోటో కింద మనిషి పేరు, రాయి బరువు. ఆ రాళ్ళు ఏరిన ఆడవాళ్ళ ఫోటో ఒక్కటీ లేదు. మొన్నామధ్య క్లబ్బుకు యాభై ఏళ్ళు నిండాయని శనివారం విందు పెట్టుకున్నారు. సోమవారం గోడ మొత్తానికి అద్దం బిగిస్తామన్నారు. బిగించాక ఇక కొత్త ఫోటో ఎక్కదు. అది విని దెసాంకా నేరుగా ప్రెసిడెంటు స్తావ్రోస్ దగ్గరికి వెళ్ళింది.

"ఎలెని, మార్గిత్, డోరీన్‌ల ఫోటో ఒకటి ఆ గోడెక్కాలి" అంది.

"ఫోన్ ఫోటోలు పెట్టం దెసా. అన్నీ నలుపు తెలుపు, అన్నీ కాగితం మీద కడిగినవే. కమిటీ రూలు."

"నీ ఫోన్ ఎవడిక్కావాలి? ఫిల్మ్ మీద తీశా. నా చేత్తో కడిగి తెస్తా."

"శనివారం లోపు తే మరి. నేనే దగ్గరుండి పెట్టిస్తా" అన్నాడు, ఎలాగూ తేలేదన్న ధీమాతో.

ఆమె ఆ రోజే ఫ్రేము కొనేసింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఎందుకంటే నెగటివ్ అయితే బాగానే వచ్చింది కానీ, కాగితం మీదికి మాత్రం ఏదీ రావడంలేదు. ట్రేలో వేసిన ప్రతి కాగితమూ బొగ్గులా నల్లబడుతోంది. కాగితం కడిగే మందు మార్చింది. నీళ్ళలో ఉప్పుందని ట్యాంకరువాణ్ణి తిట్టింది. నా పార్సిల్ సంచులు ఎండలో పెట్టి ఉంటానని నన్నూ తిట్టింది. క్లబ్బులో మగవాళ్ళు ఆ నల్ల కాగితాలు చూసి "ఇది ఏ గని దెసా? అడుగు కనపడటంలేదు" అని పొట్టలు పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. ఇప్పటికీ సిగ్గేస్తుంది.

శనివారం పొద్దున ఆమె తెప్పించుకుంటున్న కొత్త కాగితాల పెట్టె రాలేదని చెప్పడానికి వాళ్ళింటికి వెళ్ళాను. అప్పటికే లోపల యుద్ధం నడుస్తోంది.

"నా దీపం ఏది?" దెసాంకా అరుస్తోంది.

"నీదేంటి? రాళ్ళేరే యంత్రానిది. ఈ రోజు పనుంది, అక్కడి కుర్రాళ్ళు పట్టుకెళ్ళారు" అన్నాడు రాదోమిర్.

"ఇంకా మూడే కాగితాలున్నాయి! దీపం లేకుండా ఎలా కడగను?"

నన్ను చూసింది. పెట్టె రాలేదని నా మొహంలోనే తెలిసిపోయినట్టుంది. గదిలోకి వెళ్ళి మందపాటి తెర లాగేసుకుంది. గుడ్డి చీకట్లోనే కడుగుతానంది. మేమిద్దరం బయట నిలబడ్డాం. లోపల టైము చూసుకునే వీలు లేదు కాబట్టి కాగితాన్ని ట్రేలో వేసి పరలోక ప్రార్థన గట్టిగా నాలుగుసార్లు చదివింది. తర్వాత నీళ్ళ చప్పుడు, రెండో మందులో ఇంకాసేపు. తర్వాత లైటు వేసిన చప్పుడు. తర్వాత ఒక కేక.

కాలు విరిగిందనుకుని తెర తోసుకుని పోయాం. ట్రేలో పాలిపోయిన బూడిద రంగులో మూడు తలకాయలున్నాయి.

దెసాంకా ట్రేని కాదు, దీపం ఉండాల్సిన ఖాళీ కొక్కేన్ని చూస్తోంది. "దాన్నే పెట్టుకున్నా ఇన్నాళ్ళూ" అంది నెమ్మదిగా. "కాగితానికి హాని చేయని మసక దీపం పెట్టుకోమని పుస్తకంలో ఉంది. చీకటి గదిలో దీపమంటే మనకు అదే కదా! దాని కింద కాగితం తెల్లగా మెరిసేది కూడా. మంచి సరుకనుకున్నా."

పుస్తకం చెప్పింది ఎర్ర దీపం. ఊదా దీపం కాగితాన్ని నిలువునా కాల్చేస్తోంది. కానీ ముప్పై ఏళ్ళు అన్నం పెట్టిన దీపాన్ని ఎవరు అనుమానిస్తారు?

"అయితే నేను దీపం పంపించేయబట్టే కదా..." అని రాదోమిర్ మొదలెట్టాడు.

"బయటికి నడు!"

రెండో కాగితం చీకట్లో చేయి జారి నేల మీద మట్టిలో పడింది. లోపల్నుంచి సెర్బియన్ తిట్లు వినపడ్డాయి. ఇక మిగిలింది ఒక్కటే. మొదటిది పాలిపోయింది కాబట్టి ఈసారి కాగితం మీద వెలుతురు ఎక్కువసేపు పడనిచ్చింది. ప్రార్థన మొదలైంది. మూడోసారికి రాదోమిర్ కూడా తెర ఇవతల గొంతు కలిపాడు. ఆ మాటలు నాకు రావు, అయినా చేతులు కట్టుకుని నిలబడ్డాను.

లైటు వెలిగింది. ఎంతసేపటికీ కేక లేదు. తెర తీసి చూస్తే దెసాంకా ట్రే మీదికి వంగి ఏడుస్తోంది. రేకుల గది ముందు ముగ్గురు ఆడవాళ్ళు, మొహాల మీద మట్టి, కళ్ళ చుట్టూ ముడతలు, అన్నీ గీసినట్టు తేటగా. జీవితంలో అంత మంచి ఫోటో నేను చూడలేదు.

సాయంత్రం క్లబ్బులో స్తావ్రోస్ ఫ్రేమును వెనక్కి తిప్పి, కడిగిన కాగితమేనని చూసుకున్నాడు. తర్వాత, "చివర తలుపు పక్కన చోటుంది" అన్నాడు.

"మధ్యలో కూడా ఉంది" అని దెసాంకా అతని చేతిలో సుత్తి లాక్కుంది. గోడ మధ్యలో ఉన్న స్తావ్రోస్ ఫోటోని పక్కకు జరిపి, ఆ చోట మేకు రెండే దెబ్బల్లో దింపింది. జనం ఈలలు వేశారు.

మార్గిత్ దగ్గరికొచ్చి, "మొహం కడుక్కోమని చెప్పొచ్చుగా" అంది.

"ఆ మట్టి కోసమే తీశా."

డోరీన్ ఎలెని చేయి పట్టుకుని ఫోటో దగ్గరికి లాక్కెళ్ళింది.

స్తావ్రోస్ పెన్ను తీశాడు. మనిషి కాస్త మెత్తబడ్డాడు. "పేర్లు సరే. కింద బరువు వేయడం మన పద్ధతి. ఏం వేయమంటావ్?"

దెసాంకా గోడ మీద మగవాళ్ళందరినీ ఒకసారి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూసింది.

"ఈ బరువులన్నీ కలిపి వేసెయ్" అంది.

స్తావ్రోస్ కుర్చీ లాక్కుని, ఒక్కొక్క ఫోటో కిందా చూస్తూ కూడడం మొదలుపెట్టాడు. అరగంట పట్టింది. సోమవారం ఆ అంకె మీద అద్దం బిగించారు.