ఒప్పియస్ మనసు దోచిన బొమ్మలు

రోము నగరం దగ్గరి ఓస్టియా రేవు బజారులో నాణేల మంచిచెడ్డలు చూసే ఒప్పియస్‌కు ఒకటే జబ్బు. వెండి దీనారం చేతికొస్తే చాలు, దానిమీది బొమ్మతో ప్రేమలో పడిపోయేవాడు. వెనక ఇరవై మంది నిలబడి గోల పెట్టినా తల ఎత్తేవాడు కాదు.

“ఈ రోమా దేవత ముక్కు చూడవే, అచ్చం మీ అక్కదే,” అనేవాడు భార్య ఫాడియాతో.

“మా అక్క ముక్కు జోలికి పోకు. నాణెం మంచిదో కాదో చెప్పి పంపించు.”

ఉత్తినే చూసి మురిసిపోతే పోనీలే అనుకునేది ఫాడియా. కానీ మరీ నచ్చితే అతను తన సంచిలోంచి వేరే దీనారం ఇచ్చి, ఆ బొమ్మను ఉంచేసుకునేవాడు. ఇంట్లో చేపముక్క మొహం చూసి నెల దాటింది. ఈ పిచ్చి వదిలించి తీరాలని ఓ ఉదయం ఫాడియా అతని బల్ల పక్కనే పీట వేసుకుని కూర్చుంది.

ఉన్ని వడికే ముసలి నేవియా వచ్చింది. చలికాలమంతా వడికితే మిగిలింది ఒక్క దీనారం. పుటియోలిలో కూతురికి నెలలు నిండాయి. మధ్యాహ్నం పడవ తప్పితే మళ్లీ పది రోజులకు గాని లేదు. నాణెం చూపించుకుని వస్తేనే ఎక్కించుకుంటానన్నాడు పడవవాడు.

ఒప్పియస్ దాన్ని రాతిమీద వేశాడు. ఖంగున మోగవలసింది దబ్బుమంది. లోపల రాగి, పైన వెండి పూత. అలాంటిదాన్ని ఉలితో నరికి తిరిగి ఇచ్చెయ్యడం బజారు కట్టుబాటు. ముసలిదాని మొహం చూడలేక ఫాడియా తల దించుకుంది.

“అబ్బ, ఈ జయదేవత రెక్క చూడు పెద్దమ్మా. ఆ గుర్రాల టెక్కు చూడు,” అన్నాడు ఒప్పియస్. “ఏడాదిగా దీనికోసమే వెతుకుతున్నా. నాకిచ్చెయ్యి, బదులు ఇది తీసుకో.”

నేవియా కళ్లు చికిలించింది. “అంత ముచ్చటైతే పైన రెండు రాగి కాసులు వెయ్యి నాయనా.”

వేశాడు. ఆమె నవ్వుకుంటూ రేవుకు పరుగుతీసింది.

ఫాడియా అతని సంచి లాక్కుని, దాచుకున్న బొమ్మల్ని గోటితో గీకింది. అన్నింటి కిందా రాగే.

“ఏమయ్యా, ఆ రెండు కాసులు కూడా ఎందుకిచ్చావు?”

“పిచ్చివాడు బేరమాడితే అనుమానం రాదూ?”

ఆమెకు కోపం రావలసింది, నవ్వొచ్చింది. అంతలో ఉప్పు వర్తకుడు వేళ్లనిండా ఉంగరాలతో వచ్చి ఒక దీనారం విసిరాడు. అదీ దబ్బుమంది.

“ఈయన బొమ్మ మనకేం నచ్చలేదు,” అంటూ ఫాడియా ఉలి అందుకుంది.